బసవన్నతో హైదరాబాద్‌లో ఒక శని, ఆదివారం

శుక్రవారం రాత్రి

నర్సాపురంలో రైలెక్కి సీటు కింద బ్యాగు సర్దుకున్నాక, బసవన్నను తీసి కిటికీ పక్కన నిలబెట్టాను. బసవన్న జానెడు పొడవున్న గంగిరెద్దు. తెల్ల నూలు దారంతో క్రోషా సూదితో నేనే అల్లాను. లోపల బూరుగు దూది గట్టిగా కూరాను. కొమ్ములకు పసుపు దారం, మెడలో ఎర్ర తాడుకు రెండు చిన్న గజ్జెలు, వీపు మీద మా అమ్మ అల్లిన లేసు ముక్క. మూపురం సరిగ్గా రావడానికే చాలా సాయంత్రాలు పట్టింది. ఎద్దుకు మూపురం నిటారుగా లేకపోతే చూసేవాళ్ళు దాన్ని ఆవనుకుంటారు.

ఈసారి హైదరాబాద్ వెళ్ళేది చేతిపనులు చూడటానికే. మాల్స్ లేవు, చుట్టాల ఇళ్ళు లేవు. బొమ్మను తీసుకెళ్ళాలని మాత్రం ముందే అనుకున్నాను. ఉత్త చేతులతో వెళ్ళి ఒక పనివాడి పక్కన నిలబడితే కొనడానికి వచ్చినవాళ్ళ కిందే లెక్క. మన చేతి పని కూడా చూపిస్తే మాట వేరేగా మొదలవుతుంది.

బండి పాలకొల్లు దాటకముందే ఎదురు బెర్తులోని చిన్నపిల్ల బసవన్నను చూసేసింది. "డూ డూ బసవన్నా" అంటూ తలూపింది. సంక్రాంతి వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు కాబట్టి గంగిరెద్దుల వాళ్ళు ఆ పిల్ల బుర్రలో ఇంకా తాజాగానే ఉన్నారు. పక్కనున్న వాళ్ళ నాయనమ్మ బొమ్మను చేతిలోకి తీసుకుని ముందు పొట్ట కింద కుట్లు చూసింది. తర్వాత వీపు మీది లేసు అంచు వేళ్ళతో తడిమి, "ఇది ఎవరి చెయ్యి?" అని అడిగింది. మా అమ్మదని చెప్పాను. ఆవిడది మొగల్తూరు. ఒకప్పుడు ఆవిడ కూడా లేసు పని చేసిందట.

మా వైపు ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. 1844 ప్రాంతంలో మిషనరీలు తీసుకొచ్చిన ఈ అల్లిక నర్సాపురం, పాలకొల్లు చుట్టూ ఇల్లిల్లూ పాకింది. మధ్యాహ్నం వంట అయ్యాక అరుగుల మీద ఆడవాళ్ళు దారం ఉండలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లినవి పట్టుకెళతాడు, ముక్కకు ఇంత అని లెక్కగడతాడు. ఆ టేబుల్ క్లాతులు ఓడెక్కి ఏ దేశాలకు పోతాయో మా అమ్మకు తెలుసు. అక్కడ వాటికి ఎంత పలుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. 2024లో నర్సాపూర్ క్రోషా లేసుకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు పేపర్లో ఆ వార్త కత్తిరించి దాచుకుంది.

శనివారం

పొద్దున్న పదింటికి సాలార్‌జంగ్ మ్యూజియం గేటు దగ్గరున్నాను. సెక్యూరిటీ దగ్గర బ్యాగు తెరిచి చూపిస్తే ఆ అమ్మాయి బసవన్నను అటూ ఇటూ తిప్పి, నొక్కి చూసి, నవ్వి నా చేతికే ఇచ్చేసింది.

ఈ మ్యూజియానికి వచ్చేవాళ్ళు ముందుగా మేలిముసుగు రెబెక్కా దగ్గరికి పోతారు. ఇటలీ శిల్పి బెన్‌జోనీ చెక్కిన పాలరాతి విగ్రహం. 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నది. రాతిలోంచి పల్చటి ముసుగును, దాని వెనక ముఖాన్నీ చూపించడం గొప్పే, కాదనను. కానీ ఈసారి నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది చెక్క బొమ్మ. ఒకే సికమోర్ చెట్టు దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా. జర్మన్ కథ ఫౌస్ట్‌లోని సైతానూ, అమాయకపు పిల్లా వాళ్ళిద్దరూ. ముందు నుంచి చూస్తే ఛాతీ విరుచుకున్న మగవాడు, వెనక పెట్టిన అద్దంలో చూస్తే తల వంచుకున్న అమ్మాయి. ఒక వైపు ఎక్కువ తీస్తే రెండో వైపు మనిషికి ఒళ్ళు మిగలదు. దారం పనిలో తప్పు వస్తే విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. చెక్కలో ఆ వెసులుబాటు లేదు. ఎవరు చెక్కారోగానీ రెండు మనసులను ఒకేసారి తలలో పెట్టుకుని ఉలి పట్టి ఉంటారు.

బిద్రీ సామాను ఉన్న గది కూడా తీరిగ్గా చూడాల్సిందే. జింకులో కాస్త రాగి కలిపి పోత పోస్తారు, గీతలు చెక్కి అందులో వెండి తీగ కొట్టి కూరుస్తారు. ఆ తర్వాత బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంలో వేడి చేస్తే లోహమంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. ఒక హుక్కా బుడ్డి మీద గసగసాల పూల తీగ ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చి చేరింది. నేను గుండ్రంగా అల్లేటప్పుడు చివరి కుట్టు మొదటి కుట్టుతో కలిసే చోట ఎప్పుడూ చిన్న మెట్టు కనబడుతుంది. ఆ బుడ్డి మీద అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

పిల్లల బొమ్మల గదిలో సీసపు సైనికులను, పింగాణీ బొమ్మలను చూశాక పెద్ద గడియారం దగ్గరికి వెళ్ళాను. గంట కొట్టే ముందు అక్కడ జనం బెంచీల మీద కూర్చుని ఎదురు చూస్తుంటారు. తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికి వస్తుంది, గంట కొడుతుంది, లోపలికి పోతుంది. అంతే. ఆ కాస్త దానికే మూడు తరాల వాళ్ళు ఒకేసారి మెడలు చాచి చూస్తారు. నా పక్కన ఒక తాతగారు మనవడిని భుజాల మీద ఎక్కించుకున్నారు. ఆ పిల్లాడు నా చేతిలో బసవన్నను చూసి, "దీనికి కీ ఎక్కడుంది?" అన్నాడు. కీ లేదురా, మనమే ఆడించాలి అంటే రెండు చేతులూ చాచాడు. గడ్డం బొమ్మ లోపలికి వెళ్ళిపోయాక కూడా వాడు గజ్జెలు ఆడిస్తూనే ఉన్నాడు.

చార్మినార్ దగ్గర నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అది అందరికీ తెలిసిందే, ఇంకేం రాయను.

లాడ్ బజార్ చార్మినార్ నుంచి పడమటికి పోయే వీధి. దుకాణాల ముందు నిలబడితే గాజుల మెరుపు తప్ప ఇంకేమీ కనబడదు. గాజు తయారవడం చూడాలంటే పక్క సందుల్లోకి పోవాలి. ఒక దుకాణంలో రెండూ నాలుగు సైజువి ఒక జత తీసుకుని, ఇవి చేసేదెక్కడో చూపిస్తారా అని అడిగితే ఒక కుర్రాడిని తోడిచ్చి పంపారు.

చిన్న గది. నేల మీద బొగ్గుల కుంపటి, దాని మీద ఇనప పెనం, పక్కన ఒక పెద్దాయన. లక్క అంటే చెట్టు కొమ్మల మీద లక్క పురుగులు చేసే జిగురు. దాన్ని కరిగించి, పొడి కలిపి ముద్ద చేస్తారు. పైన రంగు లక్క పూసి, వేడి పలక మీద చేత్తో దొర్లిస్తే సన్నటి కడ్డీ అవుతుంది. చల్లారకముందే వంచి, రెండు కొసలు వేడి చేసి అతికించి, మొన వైపు సన్నగా ఉండే చెక్క కడ్డీకి తొడిగి సైజుకు తెస్తారు. తర్వాత మళ్ళీ వేడి చూపించి, పుల్ల కొసతో ఒక్కో రాయినీ ఎత్తి అందులో నొక్కుతారు. వేడి తక్కువైతే రాయి పట్టదు, ఎక్కువైతే గాజు ఆకారం పోతుంది. కొలవడానికి ఏ పరికరమూ లేదు. వేలితో తాకి చూసుకుంటారు. ఆయన చూపుడు వేలి చివర చర్మం నున్నగా, గట్టిగా మెరుస్తోంది. మా అమ్మ వేలికీ అలాంటి గుర్తే ఉంది, సూది ఆనే చోట.

బసవన్నను ఆయన ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని మరీ తీసుకున్నారు. "కిత్నే దిన్ లగే బేటా?" అన్నారు.

ఆ మాట నాకు చాలా నచ్చింది. బొమ్మ చూసినవాళ్ళలో పనిచేసేవాళ్ళు ఎన్ని రోజులు పట్టిందని అడుగుతారు. మిగతావాళ్ళు ఎంతకొచ్చిందని అడుగుతారు. రైల్లో నాయనమ్మ ఎవరి చెయ్యి అని అడిగింది, ఇదీ ఆ వరసలోదే. దసరా సెలవుల్లో మొదలుపెడితే సంక్రాంతికి అయింది చాచా, అదీ సాయంత్రాలు కూర్చుంటేనే అని చెప్పాను. ఆయన తల పంకించి, ఏమీ మాట్లాడకుండా ఎర్ర లక్క చిన్న ముక్క తీసుకుని దొర్లించడం మొదలుపెట్టారు. నా చిటికెన వేలికి సరిపోయేంత గాజు ఒకటి చేశారు. రెండు తెల్ల రాళ్ళు అద్దారు. పూర్తిగా చల్లారాక ఎర్ర తాడు విప్పించి గజ్జెల మధ్య దాన్ని గుచ్చారు. డబ్బులు తీసుకోమంటే చెయ్యి అడ్డం పెట్టారు. అప్పుడు బ్యాగులో ఉన్న లేసు పువ్వు ఒకటి తీసి, ఇంట్లో ఆడపిల్లకు ఇవ్వమని ఆయన చేతిలో పెట్టాను. దాన్ని దీపం వైపు పట్టుకుని చిల్లులు చూసి జేబులో పెట్టుకున్నారు.

హైదరాబాద్ లక్క గాజులకు కూడా జీఐ గుర్తింపు వచ్చింది 2024లోనే. ఆ సంగతి చెబితే ఆయన తెలుసన్నారు. ఆ కాగితం వల్ల బొగ్గు ధర తగ్గలేదని కూడా అన్నారు. అలాంటి గుర్తింపులు వద్దని నేననను. వేరే చోట యంత్రంతో చేసి అదే పేరు పెట్టి అమ్మకుండా ఆపడానికి అవి కావాలి. కానీ ఆ రక్షణ బజారులోని దుకాణం దాటి సందులోని కుంపటి దాకా రావాలి కదా.

సాయంత్రం నాంపల్లి నుమాయిష్. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే ఈ ఎగ్జిబిషన్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, ఖుర్జా పింగాణీ జాడీలు, మధ్యలో మిర్చి బజ్జీల పొగ. ఒక్క సాయంత్రంలో అంతా చూడటం కుదరదు. నేను కుట్టుపని ఉన్న దుకాణాలకే పోయాను. కశ్మీరు శాలువాలు అమ్మే ఒకాయన చేతి కుట్టుకూ మిషన్ కుట్టుకూ తేడా చూపించారు. శాలువా తిరగేసి చూడమన్నారు. మిషన్ కుట్టు వెనకవైపు ఒక్క తీరుగా, దగ్గరగా ఉంటుంది. చేతి కుట్టుకు చిన్న చిన్న ముళ్ళు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దాటిన దారాలు కనబడతాయి.

అక్కడే ఒకావిడ బసవన్నను చూసి, "రెండొందలకిస్తారా?" అంది. అమ్మేది కాదండీ అన్నాను. "ఇలాంటివి ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే దొరుకుతాయి" అంది. ఆవిడ మంచిగానే అంది, నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. ఇన్నేళ్ళుగా అమ్మకు ఏజెంటు చెప్పిన మాట కూడా అదే కదా. అల్లేవాళ్ళు ఇంట్లో ఖాళీగానే ఉంటారనీ, ఆ ఖాళీకి ఖరీదు లేదనీ అందరం కలిసి ఒప్పేసుకున్నాం. చీర ఉతికి ఆరేసినా, అన్నం వండినా, లేసు అల్లినా అది ఆడవాళ్ళ పొద్దుపోకే. ఆ లెక్క మారాలి. ముందు అల్లేవాళ్ళం గంటలు రాసుకోవడం మొదలుపెట్టాలి. నేను ఇప్పుడు ఏది అల్లినా పుస్తకంలో గంటలు రాస్తున్నాను. ఎవరైనా ధర అడిగితే ముందు ఆ పేజీ చూపిస్తాను.

ఆదివారం

ఉదయాన్నే ఎల్బీనగర్ వెళ్ళి అక్కడి నుంచి భూదాన్ పోచంపల్లి. ఊరు దాటాక చెరువు, తాటిచెట్లు, చలిగాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేని పేదలకు 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడిన ఊరు ఇది. భూదానోద్యమం ఇక్కడే మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దీన్ని ఎంచింది.

చేనేత మ్యూజియం చూశాను గానీ అసలు సంగతి వీధుల్లోనే ఉంది. ఒక గల్లీలో మగ్గం చప్పుడు విని గడప దగ్గర ఆగాను. లోపల గుంట మగ్గం మీద ఒకాయన, వరండాలో దారం చుడుతూ ఒక పెద్దావిడ. బసవన్నను చూడగానే ఆవిడే పిలిచింది.

"ఏంది బిడ్డా గది? లోపటికి రా."

బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, దారం ఎన్ని పోగులదో వేళ్ళతో పురి విప్పి చూసింది. "నూలేనా? ఎన్ని దినాలు పట్టింది?" అంది. చెప్పాను. "గంతే పడ్తది మరి" అంది. ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను.

ఇక్కత్ గురించి చదవడం వేరు, ఆ వరండాలో చూడటం వేరు. మామూలు చీరకు బట్ట నేశాక అద్దకమో, కుట్టో వేస్తారు. ఇక్కడ బొమ్మంతా దారంలోనే ముందే ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీసుకుంటారు. దాని ప్రకారం దారాల కట్ట మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. చాలామంది పాత సైకిల్ ట్యూబులు కోసి ఆ పట్టీలు చేసుకుంటారు. రంగులో ముంచి, ఆరాక కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్ళీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్ని సార్లు. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డం దారాలు) రెండూ ఇలా కట్టిన చీరయితే, నేసేటప్పుడు ప్రతి పోగూ తన చోటికి సరిగ్గా వచ్చి కూర్చోవాలి. మగ్గం మీద ఉన్నాయన పేక దారాన్ని మోసుకెళ్ళే నాడె విసిరిన ప్రతిసారీ పేకను కాస్త లాగి, డిజైన్ కలిసిందో లేదో చూసుకుని, అప్పుడు పలక కొడుతున్నాడు. ఆ లాగడం వెంట్రుకవాసి తేడాలో ఉంటుంది. ఇక్కత్ పువ్వుల అంచులు కాస్త చెదిరినట్టు కనబడేది అందుకే. అచ్చు గుద్దిన నకిలీకి ఆ చెదురు ఉండదు, తిరగేస్తే రంగు వెలిసినట్టు ఉంటుంది. అసలుదానికి రెండు వైపులా ఒకే రంగు.

ఆవిడ చుడుతున్నది ఆసు. రంగు కట్టడానికి ముందు పేక దారాన్ని మేకుల చుట్టూ ముందుకీ వెనక్కీ తిప్పుతూ పోయాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు ఆడించాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఈ పనికి యంత్రం చెయ్యాలని పూనుకున్నారు. ఆరో తరగతి దాకా చదివిన మనిషి. ఏళ్ళ తరబడి పట్టువదలకుండా 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ వరండాలో కూడా గోడ పక్కన ఒక ఆసు యంత్రం ఉంది. చేత్తో పోస్తున్నారేమని అడిగితే కరెంటు లేదంది.

"మిషిని రాకముందు రాత్రి అన్నం ముద్ద నోటికి లేవకపోయేది" అని చెయ్యి భుజం దాకా ఎత్తి చూపించింది. "మీ అమ్మకు ఉన్నదా మిషిని?"

లేదని చెప్పాను. స్వెట్టర్లు అల్లే యంత్రాలు ఉన్నాయి, లేసును అనుకరించే యంత్రాలు ఉన్నాయి గానీ, క్రోషా సూది ఒక ముడిలోంచి ఇంకో ముడిని లాగే తీరును అచ్చంగా అదేలా చేసే యంత్రం మార్కెట్లో ఇప్పటికీ లేదు. కొట్లో ఎక్కడైనా నిజమైన క్రోషా వస్తువు కనబడితే అది ఎవరో ఒకరి చేత్తో అల్లిందే, ధర ఎంత తక్కువున్నా సరే. ఆవిడకు ఇది నమ్మబుద్ధి కాలేదు. సూది, దారం తీసి రెండు వరసలు అల్లి చూపించాను. దగ్గరగా వంగి చూసి, "అవ్, గిది మిషినికి ఎట్ల తెలుస్తది" అంది.

బయల్దేరేటప్పుడు మగ్గం మీదాయన కొడుకు లోపలి నుంచి ఒక చేరెడు ఇక్కత్ ముక్క తెచ్చాడు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు. చీర కొసలో మిగిలిన గుడ్డ. బసవన్న వీపు మీద పరిచి, "ఎద్దుకు గిట్ల ఉండాలె" అన్నాడు. అమ్మ లేసు మీద ఆ రంగుల గుడ్డ పడగానే నిజంగానే గంగిరెద్దు కళ వచ్చింది. వాళ్ళ దగ్గర రెండు దుప్పట్లు తీసుకున్నాను. చెప్పిన ధరే ఇచ్చాను.

మధ్యాహ్నం సిటీకి వచ్చి మాదాపూర్‌లో చేతిపనులు అమ్మే శిల్పారామం కూడా చూద్దామనుకున్నాను. పోచంపల్లి తూర్పున, మాదాపూర్ పడమట. ట్రాఫిక్ తలచుకుని మానేశాను. రెండు రోజుల ప్రయాణం వేసుకునేవాళ్ళు ఆ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

సోమవారం పొద్దున్న

అమ్మ ముందు లక్క గాజు చూసింది, తర్వాత ఇక్కత్ గుడ్డను. కళ్ళద్దాలు పెట్టుకుని తిరగేసి, గడి అంచు దగ్గర ఎరుపు, తెలుపు కలిసే పోగులను గోటితో లెక్కపెట్టింది. ఆసు సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, "ఆవిడకిప్పుడు భుజం నొప్పి తగ్గిందంటనా?" అని అడిగింది. తగ్గిందట, కరెంటు ఉన్నప్పుడు మాత్రమే అన్నాను.

వేసవి ఎండలు ముదరకముందే తనూ వస్తానంది. పోచంపల్లి ఆవిడకు టేబుల్ క్లాతు ఇవ్వాలట, ఏజెంటుకు ఇవ్వాల్సింది కాకుండా వేరేగా అల్లుతుందట. దారం ఉండ తీసి ఒళ్ళో పెట్టుకుంటూ, గంటలు రాసుకునే నా పుస్తకంలో ఒక పేజీ తన పేరు మీద మొదలుపెట్టమంది.